గోలు పడకూడదనుకున్న మ్యాచ్

ఆ మధ్యాహ్నం మా జట్టుకీ గోదావరి అవతలి గని జట్టుకీ జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక్క గోలు కూడా పడలేదు. పడకూడదని ఆట మొదలుకాకముందే రెండు జట్లవాళ్లం మాట్లాడుకున్నాం. ఆ రోజు ఆడినవాళ్లలో చాలామంది ఆ సంగతి మరచిపోయారు. కొందరు నవ్వుకోవడానికి గుర్తు చేసుకుంటారు. నాకు మాత్రం దాని గురించి నోరు విప్పడానికే ఏళ్లు పట్టింది.

మా దిక్కున బొగ్గుగనిని బాయి అంటారు. మా నాన్న బాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి, పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చాక ఆ ఉద్యోగం నాకు వచ్చింది. రామగిరి పక్క పల్లె నుంచి గోదావరిఖని వచ్చి కాలనీలో కంపెనీ ఇచ్చిన ఒక కార్టర్‌లో చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా వెనక వరుసలో ఉండేవాడు అన్న. చుట్టరికం ఏమీ లేదు. నా కంటే పదేళ్లు పెద్దవాడు, వేరే బాయిలో పని. చేరిన వారంలోనే నన్ను గ్రౌండుకు తీసుకుపోయి బంతి ఇచ్చి తన్నమన్నాడు. నేను ఎడమ కాలితో తన్నాను. "అరె, నీది గూడ నా లెక్కనే ఎడమ కాలా!" అని సంబరపడ్డాడు. ఆ రోజు నుంచి నా ఆట ఆయన చేతిలో పడింది.

అన్న పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మధ్య వరుసలో ఎడమవైపు, అంటే లెఫ్ట్ హాఫ్, ఆడేవాడు. నాకూ ఆ స్థానమే నేర్పాడు. "బాల్‌ను చూడకు తమ్మి, అవతలోని నడుము చూడు. కాళ్లు మోసం చేస్తయ్ గని నడుము చెయ్యది" అనేవాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చాక ఇద్దరం స్నానాలు చేసి, చాయ్ తాగి, పొద్దు గూకేదాకా ఆడేవాళ్లం. వదిన కార్టర్ గుమ్మంలోంచి కేకేసి పిలిస్తే తప్ప కదిలేవాళ్లం కాదు. నా పెళ్లయ్యేదాకా రాత్రి అన్నం కూడా చాలా రోజులు వాళ్లింట్లోనే.

నేను చేరిన నాలుగో ఏట అన్న పనిచేసే చోట పైనుంచి బండ విరిగిపడింది. అన్న బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. ఆ రోజు ఆయన దిమ్మె తీసుకురావడానికి నాలుగడుగులు వెనక్కి పోయాడు. జతగాడు ముందున్నాడు. అన్న తిరిగి చూసేసరికి అక్కడ మనిషి లేడు, బండ ఉంది.

తర్వాత నెలరోజులకు అన్న మళ్లీ డ్యూటీకి పోయాడు. అందరితో మామూలుగానే ఉన్నాడు. ఒక సాయంత్రం ఆట అయ్యాక గోలుపోస్టుకు ఆనుకుని కూర్చుని నాతో అన్నాడు: "తమ్మి, బాయిల దిగుతుంటె నాకు కాళ్లు మాట ఇంటలేవు. ఒళ్లంత చెమట. పైకి సూసుడు తప్ప పని మీద పానం పోదు."

"ఎవ్వలికన్న చెప్పినవా అన్నా?"

"ఎవ్వలికి చెప్పాలె? దవాఖానకు పోతె గుండె మంచిగుంది, కాళ్లు మంచిగున్నయ్, పోయి పని చేస్కో అంటరు. తోటోళ్లు పిరికోడంటరు. మీ వదినకు సుత చెప్పలే. నీకే చెప్పిన."

బూట్లు విప్పుకుంటూ, "కంపెనీ టీముల పేరు పడితె సర్ఫేస్ డ్యూటీ ఇస్తరు గదా. బాల్ ఆడి పైకొస్తె మర్యాదగ వచ్చినట్టుంటది" అన్నాడు.

అది రాసిపెట్టిన రూలు కాదు, అలవాటు. అన్ని గనుల నుంచీ ఎంపిక చేసి కంపెనీ జట్టు కడతారు. ఆ జట్టులో ఉన్నవాళ్లకు ప్రాక్టీసుకు వీలుగా భూమి మీద పని ఇచ్చేవారు. అన్నకు ముప్పై ఆరు నిండాయి. ఇంకో రెండేళ్లు పోతే ఎవరూ ఆయన వైపు చూడరు. ఆ విషయం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏటి టోర్నమెంటులో నాలుగు బాయిల జట్లు ఒక గ్రూపులో పడ్డాయి. మాది, గోదావరి అవతలివాళ్లది, అన్నది, ఇంకో చిన్న బాయిది. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు సెమీఫైనలుకు పోతాయి. కంపెనీ జట్టును ఎంపిక చేసే పెద్దలు సెమీఫైనళ్లు చూడటానికే వస్తారు. మా జట్టు, అవతలి జట్టు, అన్న జట్టు బలంలో సమానం. అన్న జట్టు మా ఇద్దరితోనూ డ్రా చేసుకుంది. చిన్న బాయి జట్టు బలహీనమైంది. దాన్ని మేము నాలుగు గోల్సుతో, అవతలివాళ్లు మూడు గోల్సుతో ఓడించాం.

ఉన్నది ఒకటే గ్రౌండు. అందుకని చివరి రోజు పొద్దున అన్న జట్టుకూ ఆ చిన్న జట్టుకూ, మధ్యాహ్నం మాకూ అవతలివాళ్లకూ మ్యాచ్ పెట్టారు. పొద్దున నేను గట్టు మీద కూర్చుని చూశాను. చిన్న జట్టులో తొమ్మిది మందే దిగారు. వాళ్ల బాయిలో నీళ్లు ఎక్కువై, పంపుల దగ్గర పనిచేసే ఇద్దరిని డ్యూటీ నుంచి వదల్లేదట. అన్న జట్టు అరగంటలో రెండు గోల్సు కొట్టింది. ఆ తర్వాత అన్న తనవాళ్లను ఆపాడు. "తొమ్మిది మందితోని ఆడెటోళ్ల మీద ఇంకేం కొడ్తంరా, ఇగ సాలు" అనడం నాకు గట్టు మీదికి వినబడింది. అన్న జట్టు ఫార్వర్డ్ ఒకతను మొహం మాడ్చుకున్నాడు. అన్న వాడి వీపు తట్టి నవ్వాడు. ఆట రెండు సున్నాతో ముగిసింది.

అప్పుడు లెక్క ఇలా తేలింది. మధ్యాహ్నం మాలో ఎవరు ఓడినా, ఓడినవాళ్లు పోయి అన్న జట్టు ముందుకు వస్తుంది. డ్రా అయితే మూడు జట్లకూ పాయింట్లు సమానమవుతాయి. అప్పుడు గోల్సు చూస్తారు. చిన్న జట్టు మీద రెండే కొట్టిన అన్న జట్టు ఇంటికి పోతుంది.

మా జట్టు బాగోగులు చూసే ఓవర్‌మెన్, అంటే బాయిలో పని చేయించే సూపర్‌వైజర్, ఒకాయన ఉండేవాడు. మ్యాచ్‌కు ముందు నీళ్ల ట్యాంకు నీడలో మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన పక్కన అవతలి జట్టు కెప్టెన్ నిలబడి ఉన్నాడు.

"గోలు కొట్టి గెలిస్తె మనకేమన్న బంగారం పెడ్తరా?" అన్నాడు ఓవర్‌మెన్. "డ్రా అయితె రెండు జట్లు ముందుకు పోతయ్. ఎవ్వలికి దెబ్బలు తాకయ్, ఎల్లుండి సెమీఫైనలుకు తాజాగుంటరు."

మా గోల్‌కీపర్ అడిగాడు: "మరి పొద్దుగాల గెలిచినోళ్లు, సార్?"

"తొమ్మిది మంది మీద ఇంకో నాలుగు కొట్టుకోక ధర్మరాజు లెక్క చేసిండ్రు. అది మన తప్పా?"

కొందరు నవ్వారు. ఓవర్‌మెన్ ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు. అన్నతో నాకున్న దోస్తీ ఆయనకు తెలుసు. "ఏంరా, నీకేమన్న ఫికరున్నదా?"

"లేదు సార్" అన్నాను.

మొదటి సగం ఏదో ఆడినట్టు ఆడాం. రెండో సగంలో ఆ ముసుగు కూడా తీసేశాం. మా వెనకవాళ్లు నలుగురూ బంతిని ఒకరికొకరు అందించుకునేవారు. అవతలివాళ్లు దగ్గరికి వచ్చేవారు కాదు. కాసేపయ్యాక బంతి వాళ్లకు ఇచ్చేవాళ్లం, వాళ్లూ అదే పని. చూసే జనం మొదట ఈలలేశారు, తర్వాత తిట్టారు, చెప్పులు విసిరారు. రిఫరీ రెండుసార్లు మమ్మల్ని పిలిచి ఆడమన్నాడు. ముందే మాట్లాడుకుని బంతి తన్నకూడదని ఏ రూలులో ఉంది? ఆయన మాత్రం ఏం చేస్తాడు? అన్న జట్టు గట్టు మీద వరుసగా కూర్చుంది. వాళ్లలో అన్న ఒక్కడే తిట్టలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మామూలు మ్యాచ్ చూస్తున్నట్టే చూస్తున్నాడు.

ఇంకో ఐదారు నిమిషాలుందనగా అది జరిగింది. అవతలి బ్యాక్ ఒకడు తీరిగ్గా వెనక్కి తన్నబోయి, ముందురోజు వానకు మెత్తబడిన నేలలో కాలు జారి పడ్డాడు. బంతి దొర్లుకుంటూ నా ఎడమ కాలి దగ్గరికి వచ్చింది. కీపర్ గోలు వదిలి పక్కకు వచ్చి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నా ముందు మనిషన్నవాడు లేడు. గోలు పదిహేను గజాల దూరం.

కొడితే మాకు నష్టం లేదు. మేము గెలుస్తాం, సెమీఫైనలుకు పోతాం. అవతలివాళ్లు ఇంటికి పోతారు, అన్న జట్టు ముందుకు వస్తుంది. ఇచ్చిన మాట తప్పినందుకు ఓవర్‌మెన్ నాలుగు బూతులు తిడతాడు, అంతే. ఇదంతా ఇప్పుడు రాస్తున్నంత వివరంగా అప్పుడూ నాకు తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది. కంపెనీ జట్టులో లెఫ్ట్ హాఫ్ స్థానం ఒకటే. అన్న జట్టు సెమీఫైనలుకు వస్తే, ఆ స్థానం కోసం పెద్దలు చూసేది అన్ననూ నన్నూ.

నేను బంతిని వెనక్కి తన్నాను.

ఆట అయ్యాక మా వాళ్లు చేతులు కలుపుకుంటుంటే నేను బూట్లు విప్పుతూ కూర్చున్నాను. అన్న గట్టు దిగి నా ముందు నుంచే పోయాడు. ఆగాడు. "బూట్లకు బురద బాగ పట్టింది తమ్మి. గిప్పుడే కడుగు, ఎండితె పోదు" అని వెళ్లిపోయాడు. ఆ మాటలో ఏదైనా ఉందేమోనని ఎన్నోసార్లు వెతికాను. నాకేమీ దొరకలేదు.

సెమీఫైనల్లో మేము ఓడిపోయాం. కానీ పెద్దలు నా ఆట మెచ్చారు. ఆ ఏడు కంపెనీ జట్టులో నా పేరు పడింది. మూడు నెలలకు నాకు భూమి మీద పని వచ్చింది. వేసింది అన్న పనిచేసే బాయి ల్యాంపు రూములో.

బాయిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంపు రూముకు రావాలి. టోపీకి పెట్టుకునే లైటు, నడుముకు కట్టుకునే బ్యాటరీ మేమే ఇస్తాం. ప్రతి ల్యాంపుకూ ఒక నంబరు, ఆ నంబరు ఒక్క మనిషిదే. షిఫ్టు అయ్యాక తెచ్చి ఇస్తే చార్జింగుకు పెడతాం. మొదటి రోజు కిటికీలోంచి అన్న చెయ్యి లోపలికి వచ్చినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. "ఏం తమ్మి, మంచిగనేనా?" అన్నాడు. "మంచిగనే అన్నా" అన్నాను. తర్వాత ఏళ్ల తరబడి మా మధ్య నడిచిన మాటలు ఆ రెండే. గ్రౌండుకు ఆయన రావడం మానేశాడు. వాళ్లింటికి పోవడం నేను మానేశాను. రోజూ ఆ మనిషికి లైటిచ్చి ఆయన భయపడే చోటికి పంపడం నా ఉద్యోగమైంది.

తర్వాత్తర్వాత ఆయన ల్యాంపు స్టాండు మీదే ఉండిపోయే రోజులు ఎక్కువయ్యాయి. మొదట వారానికి ఒకటి. ఆ తర్వాత రెండు, మూడు. మా దగ్గర డ్యూటీకి రాకపోవడాన్ని నాగా అంటారు. నాగాలు మితిమీరితే చార్జిషీటు ఇస్తారు, ఇంకా మారకపోతే ఉద్యోగం పోతుంది.

ఒకరోజు పదింటప్పుడు వదిన ల్యాంపు రూము దగ్గరికి వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత నాతో మాట్లాడటం. "ఇయ్యాల దిగిండా మీ అన్న?" అంది.

నేను స్టాండు వైపు చూశాను. ల్యాంపు అక్కడే ఉంది. "లేదు వదినా."

"రోజు పొద్దుగాల టిఫిన్ డబ్బ పట్టుకొనే పోతుండు. బాయికి రాకపోతె ఎటు పోతుండు?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాయిదం వచ్చింది. నాగాలైనయట. నీకేమన్న తెలుసా?"

"తెల్వది వదినా" అన్నాను.

ఆమె వెళ్లాక పక్కవాడికి చెప్పి బయల్దేరాను. నాకు తెలుసు ఎక్కడుంటాడో. గ్రౌండు గట్టు మీద, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఎండలో కూర్చున్నాడు. బట్టలు డ్యూటీవే.

"అన్నా, వదిన వచ్చింది."

"రానియ్."

"ఉద్యోగం పోతదన్నా. నేనొచ్చి ఆఫీసుల చెప్త. బండ పడ్డ కాన్నుంచి నీకు గిట్ల అయితుందని చెప్త."

ఆయన నా వైపు చూశాడు. "ఎప్పట్నుంచి తెల్సు అంటె ఏం చెప్తవ్?"

నేను తిరిగి డ్యూటీకి వచ్చేశాను. విచారణకు ఆయన ఒక్కడే పోయాడు. ఒంట్లో బాగాలేదని తప్ప ఇంకేమీ చెప్పలేదట. నేను పోయి చెప్పి ఉండవచ్చు. వద్దని ఆయన అనలేదు. పోలేదు.

ఉద్యోగం పోయాక కార్టర్ ఖాళీ చేసి బసంత్‌నగర్ వెళ్లారని విన్నాను. అక్కడ సిమెంటు లారీల మీద టార్పాలిన్లు కట్టే పని దొరికిందన్నారు.

ఆ తర్వాత ఒక ప్రపంచ కప్పు వచ్చింది. కాలనీ క్లబ్బులో టీవీ పెద్దది కాబట్టి సాయంత్రం మ్యాచ్‌లు అందరం అక్కడే చూసేవాళ్లం. ఒక గ్రూపులో చివరి మ్యాచ్. ఒక జట్టు ఒక గోలుతో గెలుస్తోంది, రెండోది ఓడుతోంది. అయితే ఇంకో ఊళ్లో అదే సమయానికి జరుగుతున్న ఇంకో మ్యాచ్ ఫలితం అలాగే ఉంటే, ఓడుతున్న జట్టుకు కూడా ముందుకు పోయే అవకాశం ఉంది. చివరి పది నిమిషాలు ఓడుతున్నవాళ్లు బంతిని వెనక వెనకనే తన్నుకున్నారు. గెలుస్తున్నవాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని చూశారు. స్టేడియమంతా అరుపులు. మూడో దేశమేదో ఇంకో గ్రౌండులో ఒక్క గోలు కోసం ప్రాణాలు పెట్టి పరుగెత్తుతోంది.

ఇలాంటివి జరుగుతాయనే చివరి మ్యాచ్‌లు ఒకే వేళకు పెడతారని, ఎప్పుడో రెండు దేశాలు మాట్లాడుకున్నట్టు ఆడాక ఆ పద్ధతి వచ్చిందని పక్కన కూర్చున్న జ్యోతినగర్ పవర్ ప్లాంటు ఇంజనీరు ఎవరో చెబుతున్నాడు. వెనక నుంచి మా పాత గోల్‌కీపర్ గట్టిగా నవ్వాడు. "గీల్లేం ఆడిండ్రు! మనోడు ఖాళీ గోలు ముందట పెట్టుకొని ఎనుకకు తన్నిండు, యాదికున్నదా?" అని నా భుజం మీద చరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందరి కంటే ముందు నేనే నవ్వాను. ఆ నవ్వుకు నాకే అసహ్యం వేసింది. లేచి ఇంటికి వచ్చేశాను.

అన్నం ముందు కూర్చుని నా భార్యకు మొదటిసారి మొత్తం చెప్పాను. ఆదివారం బసంత్‌నగర్ పోయి అన్నకు చెప్తానన్నాను.

"ఇప్పుడు చెప్తె ఆయన నౌకరి ఆయనకస్తదా?"

"రాదు."

"మరి ఎవ్వలి కోసం పోతవ్?"

ఆమె గిన్నెలు తీస్తూ, "పో. పోకుంటె గిట్లనే ఉంటవ్" అంది.

లారీలు నిలిపే చోట అడుగుతూ పోతే చూపించారు. లోడు ఎక్కిన లారీ మీద నిలబడి, ఒక కొస కాలితో తొక్కి పట్టి టార్పాలిన్ లాగుతున్నాడు. జుట్టు, మీసం సిమెంటు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి, "ఆ తాడు జర ఇటు ఎయ్యి తమ్మి" అన్నాడు, నిన్ననే కలిసినట్టు. నేను తాడు విసిరాను. ముడివేసి కిందికి దిగాడు. ఇద్దరం చాయ్ బండి దగ్గర కూర్చున్నాం.

దారి పొడవునా అనుకున్న మాటలు ఏవీ రాలేదు. "అన్నా, ఆ రోజు ఆ బాల్ నేను కావాల్నని..."

"తెల్సు" అన్నాడు.

"ఎప్పుడు తెల్సింది?"

"అప్పుడే. నేను నేర్పిన కాలే గదా. అది తప్పు తన్నుతదా?"

చాయ్ గ్లాసు వేడికి చెయ్యి కాలుతున్నా పట్టుకునే ఉన్నాను. "మాట్లాడుకొని ఆడుడు అందరు చేసిండ్రు. నేను జేసింది అది గాదన్నా. నీ భయం నాకు తెల్సి గూడ..." అన్నాను.

"ఆ టీమోళ్ల మీద నాకు ఒక్కనాడు కోపం రాలే" అన్నాడు ఆయన. "వాళ్లకు నేనెవన్ని? నీకు చెప్పుకున్న గదరా."

"తప్పైందన్నా."

"కోపం పోయిందని చెప్పుమంటవా? చెప్ప. పోలే. కిటికీ కాడ నీ మొఖం చూసినప్పుడల్ల పోతదనుకున్న, పోలే." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు వస్తె చాయ్ తాగుత. తాగుత గని, అది గట్లనే ఉంటది."

డ్రైవరు కేకేశాడు. అన్న లేచి పోయి ఇంకో లారీ ఎక్కాడు. ఎక్కేటప్పుడు చక్రం మీద కాలు పెట్టి ఒక్క ఊపులో పైకి పోయాడు. నలభై అయిదు దాటిన మనిషి. పైన, ఆకాశం కింద, ఆయన కాళ్లు తడబడలేదు.

తర్వాత రెండుసార్లు పోయాను. చెప్పినట్టే చాయ్ తాగాడు. వదిన సంగతి, ఎండల సంగతి మాట్లాడుకున్నాం. ఆట మాట ఎత్తలేదు. మూడోసారి పోయినప్పుడు లారీల దగ్గర లేడు. అడిగి వాళ్ల గది దాకా పోయాను. తాళం వేసి ఉంది. పక్కింటామె బట్టలారేస్తూ, వాళ్లు నెల కిందనే చాందా వైపు పోయారని, వదిన తమ్ముడు అక్కడేదో పని చూశాడని చెప్పింది.

మహారాష్ట్ర చాందాలో కూడా బొగ్గుబాయిలున్నాయి. "బాయిలనా?" అన్నాను.

"ఏమో, నాకెర్క లేదు. నువ్వేమైతవ్ వాళ్లకు?"

ఏమవుతానో చెప్పలేక, "ఒకప్పుడు వాళ్ల ముందు వరుస కార్టర్ల ఉంటుంటి" అన్నాను. ఆమె తల ఊపి మళ్లీ బట్టల పనిలో పడింది. నేను రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. అది వచ్చేసరికి గంటకు పైనే పట్టింది.